ఇద్దరి మాట మీద తెరిచే తలుపు

వనజాక్షి ఆఫీసు తాళం తీయకముందే ఫోను మోగుతుంది. "అక్కా, లోపలికి పోనీడం లే" అంటుంది అవతలి గొంతు. ఎవరు, ఏ ఊరు అన్నవి తర్వాతి సంగతులు. ఆమె చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఒక చేత్తో తాళం తిప్పుతూ, "ఏం అగుపడతాందప్పా ఆడ? చదివి చెప్పు" అంటుంది. చదవడం రానివాళ్లు "ఎర్రగా ఏందో ఉండాది" అంటారు. ఆ ఎర్రగా ఉన్నదేమిటో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. రాసింది ఆమే కాబట్టి.

ఉరవకొండలో ఎరువుల అంగడి మీది గది అది. కిందనుంచి పురుగుమందు వాసన పైకి కొడుతుంటుంది. ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, గాలికంటే చప్పుడే ఎక్కువిచ్చే ఫ్యాను. చుట్టుపక్కల పల్లెల్లో ఆమెను పాస్‌వర్డక్క అంటారు. నిజానికి ఆమె నడిపే సైటుకు పాస్‌వర్డనేదే ఇప్పుడు లేదు, తీసేసి చాలా రోజులైంది. అయినా ఒకసారి అంటుకున్న పేరు ఊరికే ఊడుతుందా? పెళ్లి చెడి పుట్టింటికి తిరిగొచ్చిన కొత్తలో ఆమెకు జనం ఇంకేదో పేరు పెట్టారు. దానికంటే ఇదే నయమని ఊరుకుంది.

సైటు పేరు 'మన బోర్లు'. చిన్న రైతు సంఘం ఒకటి నడుపుతోంది. ఎవరి చేలో ఎన్ని అడుగులు దించారు, ఎక్కడ నీళ్లు పడ్డాయి, ఎక్కడ ఉత్త దుమ్ము లేచింది, ఏ బోరు ఎప్పుడు ఎండింది, ఇదంతా రైతులే రాస్తారు, రైతులే చూసుకుంటారు. చదువు రానివాళ్లు నోటితో చెబితే అదే అక్షరాలు చేసుకుంటుంది. గుట్ట కింద నీళ్లు పారే వంక పొడుగునా అన్ని బోర్లూ ఎండిపోయాయని తెలిస్తే మనిషి ఆగుతాడు. పెళ్లాం మెడలోది తీసుకెళ్లి బోరు బండివాడి చేతిలో పెట్టే ముందు ఇంకోసారి ఆలోచిస్తాడు. ఆ సైటు చేసే ఉపకారం అంతమాత్రమే. ఈ నేల మీద అది తక్కువేమీ కాదు.

మొదట్లో దానికి తలుపే లేదు. బెంగళూరు నుంచి ఒక ఇంజనీరు సెలవులు పెట్టుకుని వచ్చి దాన్ని తయారుచేశాడు. "ఎవరైనా రాయొచ్చు, అదే దీని అందం" అని చెప్పి, నడిపే పద్ధతి వనజాక్షికి నేర్పి వెళ్లిపోయాడు. కంప్యూటర్ల డిగ్రీ చేతిలో పెట్టుకుని జిరాక్సు అంగడిలో నిలబడుతున్న ఆమెను ఈ పనిలో పెట్టించింది సంఘం కార్యదర్శి కుళ్లాయప్ప. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత దాని మీద బోరు బండ్ల ఏజెంట్ల కన్ను పడింది.

ఏజెంటు కడుపు నిండేది బండి కదిలితేనే. నీళ్లు పడితే ఏమి, పడకపోతే ఏమి, గొట్టం భూమిలోకి దిగితే అతని వాటా అతనికొస్తుంది. వాళ్లు తలా ఒక రైతు పేరు తగిలించుకుని రాయడం మొదలుపెట్టారు. పల్లేరు కూడా మొలవని చేలల్లో నీళ్లు పొంగించారు. సైటు తెరిచి చూస్తే ఉరవకొండ మండలం కోనసీమలా కనిపించింది. నమ్మి బోర్లు వేసుకున్నవాళ్లు దుమ్ము దులుపుకుంటూ వచ్చి సంఘాన్ని తిట్టిపోశారు.

"దీనికొక తలుపు పెట్టల్ల మ్మా" అన్నాడు కుళ్లాయప్ప. పెట్టమనడం ఆయన నోటికి సులువు.

మొదట పాస్‌వర్డు పెట్టింది. ఒక పల్లెలో అందరూ కలిసి ఒకటే పాస్‌వర్డు పెట్టుకుని, మరిచిపోకుండా పాల కేంద్రం గోడ మీద బొగ్గుతో రాసుకున్నారు. దాని కిందే బోరు బండి ఏజెంటు తన ఫోను నంబరు కూడా రాసిపెట్టాడు. సరే, అది కాదని ఓటీపీ పెట్టింది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు ఏళ్ల తరబడి ఊదరగొట్టారు కదా, జనం ఆ ఒక్క పాఠం మాత్రం గట్టిగా నేర్చుకున్నారు. నంబరు వచ్చేది, ఒక్కరూ కొట్టేవాళ్లు కాదు. "వచ్చిన నంబరు ఆ గడిలో కొట్టన్నా" అంటే, "నన్నేం పిచ్చోడనుకున్యావా?" అని ఫోను పెట్టేసేవాళ్లు. ఒకాయన పోలీసులకు పట్టిస్తానన్నాడు. ఇంటికొకటే ఫోను ఉన్నచోట అది గొర్రెల వెంట గుట్టమీద తిరిగేది, మనిషి ఇంట్లో కూర్చునేవాడు. రీచార్జి లేక చచ్చిపోయిన నంబర్లు బీహారులో ఎవరికో పోయి, ఇక్కడి బోర్ల ఓటీపీలు అక్కడ మోగేవి.

ఇలాంటి పనులు చేసేవాళ్లు ఇంగ్లీషులో కష్టసుఖాలు చెప్పుకునే చోటొకటి నెట్‌లో ఉంటే, అక్కడ తన బాధ రాసింది. ఎవరో దయగల మనిషి ఈమెయిలు వాడమని సలహా ఇచ్చాడు. గొర్రెల కాపరి యేసన్నకు ఈమెయిలు. వనజాక్షికి నవ్వే ఓపిక కూడా లేకపోయింది.

ఆ యేసన్న పిలిస్తేనే ఒకరోజు వాళ్ల పల్లెకు పోయింది. అతను పెద్ద రైతుల గొర్రెల్ని పాలుకు, అంటే పుట్టే పిల్లల్లో వాటాకు, మేపే మనిషి. దినమంతా నాలుగు ఊళ్ల చేల గట్ల మీద తిరుగుతాడు. ఎవరి మోటరు పోస్తోందో, ఎవరిది గాలి కక్కుతోందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆటో దిగి నడుస్తుంటే అరుగు మీది ముసలమ్మలు ఆపి, ఎగాదిగా చూసి, "ఎవరి తాలూకు మ్మా నువ్వు?" అన్నారు. ఆమె తన పేరు చెప్పింది. ఆ పేరుతో వాళ్లకేం పని? అప్పుడు యేసన్న వచ్చి, "మనామే, నాకు తెలుసు" అన్నాడు. పక్కింటి ఆంజినమ్మ బయటికొచ్చి, "నేనూ చూసినా లే, ఉరవకొండలో ఉంటాది" అంది. అంతే. ఒకామె చెంబుతో నీళ్లిచ్చింది, ఇంకొకామె జరిగి చోటిచ్చింది.

తిరుగు ఆటోలో వనజాక్షికి ఆ మాటలే చెవిలో తిరిగాయి. ఊరివాళ్లు మనిషిని లోపలికి రానిచ్చే తీరు అంతే కదా. నువ్వెవరని నిన్నడగరు, నీ గురించి చెప్పేవాళ్లు ఎవరని అడుగుతారు. ఇన్నాళ్లూ తలుపుకు తాళంచెవి వెతుకుతూ కూర్చుంది తను.

సంఘం మీటింగులో చెప్పింది. సంఘం పెద్దలు తప్ప, పాతవాళ్లయినా కొత్తవాళ్లయినా, లోపలికి రావాలనుకున్నవాళ్లు ఫోనులో తమ పేరూ ఊరూ తమ గొంతుతో చెప్పాలి. అప్పటికే లోపల ఉన్న ఇద్దరు ఆ గొంతు విని, తెలిసిన మనిషే అని ఒత్తాలి. ఒత్తితే తలుపు తెరుచుకుంటుంది. కుళ్లాయప్పకు నచ్చింది. ఆయన ఊళ్లోనే కుళ్లాయప్పలు వీధికి ఇద్దరుంటారు, పేరు చూసి ఎవరిని పోల్చుకోగలరు, గొంతయితే పట్టేయొచ్చని అన్నాడు.

"ఊరికే తెలుసంటే సరిపాయనా?" అని లేచింది రామక్క. మొగుడు పోయిన తర్వాత మూడెకరాల మెట్ట ఒక్కతే చేసుకుంటున్న మనిషి. మీటింగులో ఆమె లేచి నిలబడితే కుళ్లాయప్ప కుర్చీ వెనక్కి జరుపుకుంటాడు. "జామీను పడినోడు మునిగేదుంటేనే చూసి పడతాడు. అపద్దం రాసినోన్ని బయటికెయ్యండి. వాన్ని తెలుసన్నోల్లనీ వాని ఎంబడే బయటికెయ్యండి. మళ్ల రావల్లంటే వాల్లకూ ఇద్దరు జామీను పడల్ల. అప్పుడు ఎవురూ నోటికొచ్చినట్ల ఒత్తరు."

అందరూ సరే అన్నారు. ఎవరూ తాము మునుగుతామని అనుకోలేదు కాబట్టి తొందరగానే సరే అన్నారు.

ఆ తలుపు బిగించడానికి వనజాక్షికి తల ప్రాణం తోకకొచ్చింది. అది పేరూ పాస్‌వర్డూ అడగడానికి పుట్టిన యంత్రం. మనుషుల మాట అడగమంటే మొండికేసింది. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట ఊడేది. ఇంగ్లీషు మాటలన్నీ పీకేసి తెలుగు పెట్టింది. బటన్ మీద 'తెలుసు, నేను జామీను' అని రాసింది. మెడ పట్టేసింది, కళ్లు మండాయి, జీతం మాత్రం అదే. చివరికి అది తెరుచుకుంది. ఏజెంట్లు ఒక్కొక్కరే రాలిపోయారు. వాళ్ల గొంతు విని తెలుసనేవాళ్లు దొరకలేదు మరి. యేసన్న గుట్టమీద నుంచే రోజూ చెప్పేవాడు. అతని మాటలు చదివి జనం అతన్ని పిలిచి అడిగేవాళ్లు. అంతవరకు యేసన్నను నీళ్ల సంగతే కాదు, ఏ సంగతీ ఎవరూ అడిగి ఎరగరు.

ఇంతలో తిప్పేష్ అడిగాడు.

తిప్పేష్ ఆమె తమ్ముడు. పెళ్లి చెడి వచ్చిన అక్కను ఇంట్లో సగం ఇచ్చి పెట్టుకున్నాడు. పెళ్లాం ముఖం చిట్లించినా, చుట్టాలు సన్నాయి నొక్కులు నొక్కినా అక్కను ఒక్క మాట అనలేదు, అననివ్వలేదు. నాలుగేళ్లు వరసగా శెనక్కాయ ఎండిపోయాక చేను బీడు పెట్టి, ఒక బోరు బండికి గిరాకీలు చూసిపెట్టే పనిలో చేరాడు. చెడ్డవాడు కాదు. పని అలాంటిది.

"నన్నూ లోపలికి రానీ అక్కా" అన్నాడు ఒకనాటి సాయంత్రం, ఆమె అన్నం తింటుంటే.

"నువ్వు బండి మనిషివి గదరా."

"మనకూ చేనుండాది గదా. పాసుపుస్తకంలో నా పేరే ఉండాది. రైతును కానా నేను?"

రైతే. ఆ మాట తప్పని ఎవరనగలరు? ఆమె కంచంలో చెయ్యి కడిగి, ఫోను తీసి, తమ్ముడి గొంతు విని, తెలుసని ఒత్తింది. పుట్టినప్పటి నుంచి తెలిసిన గొంతే. ఒత్తేటప్పుడు లోపల ఏదో వద్దంది. ఆ రోజు చాలా అలసిపోయి ఉంది, ఆ వద్దన్నదానితో వాదించే ఓపిక లేదు, ఒత్తేసి పడుకుంది. రెండో జామీను యేసన్న పడ్డాడు. తిప్పేష్‌ను అతను చూసింది ఒకటి రెండు సార్లే. వనజాక్షక్క తెలుసన్నది కదా అని తనూ తెలుసన్నాడు.

వేసవి ముదిరాక రామక్క ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. తల వెంట్రుకల్లో, చెవుల మడతల్లో, చీర కుచ్చిళ్లలో తెల్లని రాతి దుమ్ము. బోరు దగ్గర నుంచి నేరుగా బస్సెక్కినట్టుంది. మీటింగుల్లో ఆ గొంతు విన్నవాళ్లు ఆమె ఇంత మెల్లగా మాట్లాడగలదని నమ్మరు.

"ఎనిమిన్నూర్ల అడుగులు పోయినాది మ్మా. తడి గూడ తగల్లే."

వనజాక్షి కుర్చీ జరిపింది. రామక్క కూర్చోలేదు.

"మీ చేలో పడినాయని చూసినా. గుట్టకు ఆ పక్క మీది, ఈ పక్క నాది, వంక ఒగటే. నాలుగు నూర్ల అడుగులకే రెండించుల నీళ్లని రాసిండారు. ఇంగెవరన్నా రాసింటే నమ్ముతానో లేదో. మీ చేను గదా, నీ తమ్ముడు గదా, నువ్వు జామీను పడింటివి గదా. అందుకని నమ్మినా."

వనజాక్షి కంప్యూటరులో చూసింది. చూడాల్సిన పని లేదు, అయినా చూసింది. తిప్పేష్ పేరు, తమ చేను, నీళ్లు, అడుగులు, అంతా ఉంది. ఆ చేలో బోరు ఎప్పుడూ వేసింది లేదు. తుమ్మ చెట్లూ కంపా తప్ప అందులో ఏమీ లేవు. రోజుకు వందమంది గోల వింటూ, ఎవరెవరి చేలో ఎన్ని నీళ్లో చూస్తూ, తన చేను గురించి తన తమ్ముడు ఏం రాశాడో ఆమె చూసుకోలేదు.

"మా చేలో బోరే లేదక్కా" అంది.

రామక్క తిట్టి ఉంటే బాగుండుననిపించింది వనజాక్షికి. రామక్క తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంటే దుమ్ము ఇంకా పరుచుకుంది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

కుళ్లాయప్ప సంగతి విని తలుపు దగ్గరగా వేశాడు. "చూడమ్మా, ఆ రాత తీసెయ్. మీ తమ్ముని పేరు తీసెయ్. అంతటితో ఇడ్సిపెట్టు. జామీను సంగతి ఎవరికి గుర్తుండాది?"

"రామక్కకు గుర్తుండాదన్నా. ఆయమ్మ పెట్టిందే గదా."

"ఆయమ్మకు నేను చెప్పుకుంటా. నువ్వు బయటికి పోతే దీన్ని ఎవురు చూస్తారు? నాకు ఆన్ చేసేది గూడ రాదు."

నిజమే. ఇంకో సంగతి కూడా నిజం. సైటు లోపల ఆమె ఒక్క లైను మారిస్తే చాలు, జామీను పడ్డ తన పేరు చెరిగిపోయి ఇంకెవరి పేరో ఉంటుంది, ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆ లైను ఎక్కడుందో ఆమెకు తెలుసు. అది మార్చాలని ఆమెకు అనిపించలేదంటే అబద్ధం. మధ్యాహ్నమంతా దాని ముందే కూర్చుంది. ఆ తలుపు కట్టడానికి పడ్డ చాకిరీ అంతా కళ్లముందు తిరిగింది. ఇంత చేసిన మనిషికి ఈ మాత్రం మినహాయింపు ఉండకూడదా అని ఏడుపొచ్చింది. కానీ రామక్క నమ్మింది తిప్పేష్‌ను కాదు, తనను. అది మింగుడు పడలేదు.

ఇంటికి పోయి తమ్ముడికి చెప్పింది. తిప్పేష్ మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"ఆడ నీళ్ల పాయింటు చూసినాయప్ప ఖచ్చితంగా పడతాదన్యాడు అక్కా. ఆ వంకలో ఎవరన్నా ఒకరు ముందు పడినాయంటేనే తక్కినోల్లు కదుల్తారు. పడతాయనే రాసినా. ఒక బండి కదిలితే నాకొక నెల గడుస్తాది."

"లేని బోరును ఉండాదని రాసినావు రా."

"అందరూ రాసినోల్లే గదా." తలెత్తాడు. "నన్ను తీసేస్తే నువ్వూ పోతావు గదా?"

"పోతా."

"ఎవరికోసరం అక్కా? నిన్ను ఇంట్లో పెట్టుకున్యోన్ని నేను. ఆ రామక్క కాదు."

ఆ మాట అన్న మరుక్షణమే అతని ముఖం మాడిపోయింది. ఇన్నేళ్లలో ఎన్నడూ అనని మాట అది. వనజాక్షికి కోపం రాలేదు, బాధే వేసింది, తన కోసమూ వాడి కోసమూ. "అవును రా, నువ్వే పెట్టుకున్యావు" అంది.

మరునాడు పొద్దున ఆఫీసులో మొదటి ఫోను ఎత్తకముందే ఆ పని చేసేసింది. సైటు అడుగున తాళాలన్నీ తీసే పెద్ద తాళంచెవి ఒకటి ఉంటుంది, దాన్ని కుళ్లాయప్పకు అప్పజెప్పింది. ఆయన తేలుపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. తర్వాత తమ్ముడి రాతను అబద్ధమని గుర్తు వేసి, ఒత్తింది. మూడు పేర్లు బయటపడ్డాయి. తిప్పేష్, వనజాక్షి, యేసన్న. ఆమె ముందున్న తెర ఒకసారి తెల్లబడి, అందరికీ కనిపించే వాకిలి వచ్చింది. 'మీరు తెలుసని చెప్పే ఇద్దరు కావాలి' అని ఉంది ఎర్రగా. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని ఎన్నోసార్లు మార్చి మార్చి రాసిన వాక్యం. బయట నిలబడి చదివితే ఎంత కటువుగా ఉందో అప్పుడు తెలిసింది.

యేసన్నకు ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. ఆటో ఎక్కి పోయి, గుట్ట మొదట్లో గొర్రెల మధ్య అతన్ని పట్టుకుని చెప్పింది. అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కట్టె నేలకు ఆనించి నిలబడిపోయాడు.

"అంటే ఇంగ నేను చెప్పగూడదా?"

"ఇద్దరు నీకు జామీను పడేదాకా చెప్పేకి లేదు యేసన్నా. నా వల్లనే. నన్ను చూసి ఒత్తినావు."

"నేనేం అపద్దం చెప్పలే గదక్కా."

"చెప్పలే."

"పొద్దున గూడ రాయప్ప చేలో మోటరు గాలి కక్కుతాంటే చెప్పల్లనుకుంటి" అన్నాడు. చెప్పడానికి ఇంక చోటు లేదని గుర్తొచ్చి, గొర్రెల వైపు తిరిగి అదిలించాడు. ఆ అదిలింపులో తన మీద కోపం ఉందేమోనని ఆమె వెతికింది. ఉండి ఉంటే మోయడం తేలికయ్యేది.

పక్కింటి ఆంజినమ్మ ఆరోజే యేసన్నకు జామీను పడింది. రెండో మనిషి మాత్రం దొరకలేదు. యేసన్న మంచోడే, ఎవరు కాదన్నారు? కానీ పాస్‌వర్డక్కే బయటపడిన తర్వాత జనానికి భయం పట్టుకుంది. ఆ బటన్ మీదికి వేలు పోవడం మానేసింది. కొత్తవాళ్లెవరికీ జామీనులు దొరకడం లేదని ఫోన్ల మీద ఫోన్లు. వనజాక్షి రోజూ వచ్చి గది తాళం తీసేది, రోజూ ఆ ఫోన్లు ఎత్తేది. లోపల ఏముందో ఇప్పుడు ఆమెకు కనపడదు. గుర్తున్నదాన్ని బట్టి, గుడ్డిగా, ఇక్కడ ఒత్తు, అక్కడ ఒత్తు అని చెప్పేది. తన వాకిలి కూడా రోజుకోసారి తెరిచి చూసుకునేది. ఒక్కరూ లేరు. ఆశ పెట్టుకోలేదని తనకు తాను చెప్పుకునేది, మళ్లీ చూసుకునేది. ఇంట్లో తిప్పేష్ ఆమె ముందు కంచం పెట్టి పక్కకు వెళ్లిపోయేవాడు.

ఒక ఎండపూట రామక్క వచ్చింది. ఈసారి తల దువ్వుకుని ఉంది, మనిషి మాత్రం చిక్కిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుని ఫోను బల్ల మీద పెట్టింది.

"యాడ ఒత్తల్లో చూపీ. ఆ గొర్రెలోనికి జామీను పడల్ల. వాడు చెప్పేది లేక మా ఊర్లో ఇద్దరు మళ్ల బోరుకు సిద్ధమయినారు."

వనజాక్షి చూపించింది. యేసన్న గొంతు వినిపించింది. "నేను యేసన్నని. గొర్రెలు మేపుతాండా" అని అంతే. రామక్క మొత్తం విని, మళ్లీ ఒకసారి పెట్టించుకుని విని, బొటనవేలితో గట్టిగా ఒత్తింది. గోడకు మేకు దించినంత బలంగా.

కొంతసేపటికి వనజాక్షి ఫోను మోగింది. రెండు చేతులూ ఖాళీ లేక స్పీకరు పెట్టింది.

"అక్కా, పోనిచ్చింది! లోపలికి పోయినా!" గుట్టమీది గాలి హోరులో యేసన్న అరుస్తున్నాడు. "రాయప్ప మోటరు సంగతి చెప్పేసినా. నీకూ ఒత్తినా."

ఆమె చేతిలోని పని ఆగిపోయింది. "ఏంటికి యేసన్నా? నన్ను నమ్మే గదా ఒగతూరి మునిగింది."

"అప్పుడు మీ తమ్మున్ని చూడకుండ ఒత్తినా. ఆ తప్పు నాది. నిన్ను చూసినా గదా. గుట్టదాకా వచ్చి నా మొగం ముందర చెప్పిపోతివి. ఎవరు వస్తారక్కా అట్ల?" అని, గొర్రెలు ఎవరి చేలోకో దూరుతున్నాయని ఫోను పెట్టేశాడు.

రామక్క అంతా వింది. వనజాక్షి ముఖం చూడకుండా తెర వైపు తిరిగి కూర్చుంది. దాని మీద వనజాక్షి వాకిలి కనిపిస్తోంది, ఒక్క జామీనుతో.

"ఇంగొకరు కావల్లనా నీకు?"

"ఆ."

రామక్క ఫోను చేతిలోకి తీసుకుంది. వనజాక్షి గొంతు ఎక్కడ వినాలో ఈసారి చూపించమని అడగలేదు, తనే వెతికి పట్టుకుని విన్నది. బొటనవేలు తెర మీద నిలిచింది. ఇన్నాళ్లూ వద్దనుకున్న ఆశ అంతా వనజాక్షికి ఒక్కసారిగా తిరిగొచ్చింది.

రామక్క ఫోను ఆర్పి కొంగున చుట్టి బొడ్లో దోపుకుంది.

"అపద్దం చెప్పలేను తల్లీ. నువ్వు మంచిదానివని తెలుసు. నిన్ను నమ్ముతాండానా అని అడిగితే, ఈ పొద్దు లేదు. చేలో ఆ తెల్ల దుమ్ము ఇంగా అట్లే ఉండాది. పొద్దున్నే చూస్తా దాన్ని."

"సరే అక్కా" అంది వనజాక్షి.

"నీ కోసరం కాకుండ వేరే పని మీద ఈడికి వచ్చిననాడు, మెట్లెక్కేటప్పుడు నాకు కోపం రాకుంటే, ఆ పొద్దు ఒత్తుతా. ఆ పొద్దు వస్తాదో రాదో నాకు తెలీదు."

ఆమె మెట్లు దిగుతుంటే వనజాక్షి పైనుంచి చూస్తూ నిలబడి ఏడ్చింది. దుఃఖమంటే దుఃఖమే, అలసటంటే అలసటే. మధ్యలో ఇంకోటి కూడా ఉంది. ఊరికే జాలిపడి ఒత్తేసి ఉంటే ఆమెకు రామక్క మీద గౌరవం తగ్గేది. ఫోను మోగింది. ముక్కు తుడుచుకుని ఎత్తింది.

"అక్కా, లోపలికి పోనీడం లే."

"నన్నూ పోనీడం లేదు లే అప్పా" అంది వనజాక్షి. "మీ ఊర్లో నిన్ను ఎరిగినోల్లు ఎవరుండారో చెప్పు, చూద్దాం."